విమానమెక్కే స్కీలు

పొడవు, బరువు, పల్చని గాలి, నిప్పు: మంచు కొండకు సొంత సామగ్రి తీసుకెళ్లేవారికి తెలియాల్సిన లెక్కలు

డాలస్‌లో విమానమెక్కి, రెండు గంటలకు డెన్వర్‌లో దిగారనుకోండి. చలికాలం సెలవులు, పిల్లలతో స్కీయింగ్‌కు బయల్దేరిన ప్రయాణం. తిరిగే బెల్టు మీద సూట్‌కేసులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మీవి మీరు తీసుకున్నారు. స్కీల సంచీ మాత్రం రాలేదు. పక్కవాళ్ల సంచులూ రాలేదు. కాసేపటికి బెల్టు ఆగిపోయింది. అక్కడి ఉద్యోగిని అడిగితే హాల్లో ఇంకో చోటు చూపించారు. వెళ్లి చూస్తే పొడవాటి సంచులన్నీ అక్కడ వరసగా ఉన్నాయి.

సూట్‌కేసునూ ఆ సంచీనీ ఒకే కౌంటర్లో ఇచ్చారు. తూకంలో రెండూ ఇంచుమించు ఒకటే. రెండూ ఒకే విమానంలో వచ్చాయి. మరి దారులు ఎందుకు వేరయ్యాయి? బూట్లు చేతి సామానులో పెట్టుకోవచ్చు గానీ స్కీ కర్రలు కుదరవని ఎందుకన్నారు? వేడి చేతితొడుగుల బ్యాటరీలు సంచీలోంచి ఎందుకు తీయించారు? మంచు చరియలు విరిగిపడే హిమపాతంలో ప్రాణం కాపాడే చిన్న గ్యాస్ సిలిండరు ఖాళీగా ఉంటేనే పంపుతామని ఎందుకు పట్టుబట్టారు?

పైకి ఇవన్నీ కాగితం మీది నిబంధనల్లా కనిపిస్తాయి. కానీ ఒక్కోదాని వెనక ఒక భౌతిక కారణం ఉంది. ఆ కారణం తెలిసినవారు ఏది మోసుకెళ్లాలో, ఏది ఇంట్లో వదిలేయాలో తామే తేల్చుకోగలరు.

సంచీ విప్పి చూస్తే

స్కీ చూడటానికి సన్నటి బద్దలా ఉంటుంది గానీ, దాని లోపల చాలా పొరలుంటాయి. నడుమ పాప్లర్, యాష్ లాంటి చెట్ల చెక్క. దానికి పైనా కిందా గాజు నార పొరలు. కొన్నిటిలో అల్యూమినియం మిశ్రమ లోహపు రేకులు. అడుగున మంచు మీద జారడానికి గట్టి పాలిథిన్ పొర. అంచుల వెంట పదునైన ఉక్కు పట్టీ. మధ్యలో బూటును పట్టి ఉంచే బైండింగ్ అనే స్ప్రింగు సాధనం ఉంటుంది. మనిషి పడిపోతే, కాలు మెలి తిరిగి విరిగేలోపే అది బూటును వదిలేస్తుంది.

పెద్దవాళ్ల స్కీలు సాధారణంగా 150 నుంచి 190 సెంటీమీటర్ల పొడవుంటాయి. బైండింగులతో కలిపి జత బరువు సుమారు 5 నుంచి 7 కిలోలు. బూట్ల జత 3.5 నుంచి 4.5 కిలోలు. కర్రలు అర కిలో. చక్రాలున్న మెత్తటి సంచీ మరో 3, 4 కిలోలు. అన్నీ కలిపితే 12 నుంచి 16 కిలోలు. అంటే బరువు పెద్ద చిక్కు కాదు. మొదటి చిక్కు పొడవుతో వస్తుంది.

మెట్ల మలుపులో మంచం

మేడ మీదకు మంచం ఎక్కించినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. మెట్ల వెడల్పు చాలినంత ఉంటుంది, మంచం వెడల్పూ తక్కువే. అయినా మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. తిన్నని దారిలో ఏ వస్తువుకైనా దాని వెడల్పు మేరకే చోటు కావాలి. మలుపులో మాత్రం దాని పొడవుకూ చోటు కావాలి. తల ఒక గోడకు, కాళ్లు ఇంకో గోడకు తగులుతాయి. నిలువుగా ఎత్తి తిప్పితే తప్ప కదలదు.

విమానాశ్రయం అడుగున సామాను కోసం ఉన్న దారి అలాంటి మలుపుల మయం. కౌంటర్ వెనక నుంచి బయల్దేరిన సూట్‌కేసు బెల్టుల మీద పైకెక్కి, కిందికి దిగి, స్కానింగ్ యంత్రం సొరంగంలోంచి దూరి, ఒక బెల్టు మీంచి ఇంకో దాని మీదకు మళ్లి తన విమానానికి చేరుతుంది. ఆ బెల్టుల వెడల్పు, వంపుల వ్యాసార్ధం, యంత్రాల నోటి సైజు అన్నీ సూట్‌కేసును మనసులో పెట్టుకుని కట్టినవి. చాలా విమాన సంస్థలు మామూలు సామానుకు పెట్టిన హద్దు కూడా అదే చెబుతుంది: పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపితే 158 సెంటీమీటర్లు. స్కీ సంచీ ఒక్క పొడవుతోనే ఆ హద్దు దాటేస్తుంది.

పొడవాటి సంచీ వంపులో అడ్డంగా ఇరుక్కుంటే ఆగేది అదొక్కటే కాదు. వెనక వస్తున్న వందల పెట్టెలూ ఆగిపోతాయి. అందుకే దాన్ని ఆ దారిలోకి రానివ్వరు. మనుషులే తోపుడు బండి మీద తీసుకెళ్లి, విడిగా పరీక్షించి, విమానం దగ్గరికి చేరుస్తారు. దిగాక కూడా అంతే.

ఈ చిక్కు డెన్వర్ విమానాశ్రయానికి బాగా తెలుసు. 1990ల మొదట్లో దాన్ని కట్టేటప్పుడు సామాను మొత్తాన్ని కంప్యూటర్లు నడిపే చిన్న బండ్ల మీద పంపాలనుకున్నారు. స్కీల లాంటి పొడవాటి సామానుకు పొడవాటి బండ్లు వేరుగా పెట్టాలని ప్రణాళికలోనే ఉంది. ఆ యంత్రాంగం అనుకున్నట్టు పనిచేయలేదు. విమానాశ్రయం ప్రారంభం 16 నెలలు ఆలస్యమై, 1995 ఫిబ్రవరి 28న జరిగింది. ఒకే విమాన సంస్థ కొంతమేరకు వాడుకున్న ఆ ఏర్పాటును 2005లో పూర్తిగా పక్కన పెట్టేశారు. పొడవాటి సంచీకి నేటికీ మనిషి చెయ్యే ఆధారం.

విమానం లోపలా ఇదే జ్యామితి. పెద్ద విమానాల్లో సామానును ముందే లోహపు డబ్బాల్లో సర్ది, డబ్బాలనే విమానం కడుపులోకి తోస్తారు. ఎక్కువగా వాడే ఎల్డీ3 అనే డబ్బా అడుగు కొలతలు 156, 153 సెంటీమీటర్లు. 185 సెంటీమీటర్ల సంచీ అందులో తిన్నగా పట్టదు, మూల నుంచి మూలకు వాలిస్తే పడుతుంది. కానీ అలా వాలిస్తే రెండు పక్కలా చోటు వృథా అవుతుంది. అందుకే చాలాసార్లు దాన్ని డబ్బాలో పెట్టకుండా, విడి సామాను కోసం విమానం వెనక ఉండే అరలో వేస్తారు.

దీని నుంచి ప్రయాణికుడు నేర్చుకోవాల్సింది ఒకటుంది. మధ్యలో విమానం మారే ప్రయాణమైతే, మీకన్నా మీ స్కీలకు ఎక్కువ సమయం కావాలి. మీరు ముప్పావు గంటలో పరుగెత్తి రెండో విమానం అందుకోగలరు. మనిషి చేతుల మీదుగా కదిలే సంచీ అందుకోలేకపోవచ్చు. టికెట్ కొనేటప్పుడే మధ్యలో రెండు గంటలైనా ఉండేలా చూసుకోండి. నేరుగా వెళ్లే విమానం దొరికితే ఇంకా మంచిది.

23 కిలోల గీత వెనక ఒక నడుము

చాలా విమాన సంస్థలు ఒక సంచీకి 23 కిలోల హద్దు పెడతాయి. అది దాటితే అదనపు రుసుము. 32 కిలోలు దాటితే చాలా చోట్ల అసలు తీసుకోరు. విమానం ఇంకో తొమ్మిది కిలోలు మోయలేక కాదు. దాన్ని ఎత్తే మనిషి నడుము కోసం.

డాలస్, డెన్వర్ మధ్య ఎక్కువగా తిరిగేవి బోయింగ్ 737 లాంటి సన్నటి విమానాలు. 737 సామాను అరలో మనిషి నిటారుగా నిలబడే ఎత్తుండదు. మోకాళ్ల మీద కూర్చునో, వంగో ఒక్కో సంచీని లాగి పేర్చాలి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుంటే నడుము మీద భారం తక్కువ. చేతులు చాచి పట్టుకుంటే అదే బరువు ఎన్నో రెట్లు లాగుతుంది. నిండు బిందెను చంకన పెట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇదే. దాదాపు రెండు మీటర్ల సంచీని ఆ ఇరుకులో ఒంటికి దగ్గరగా పట్టుకోవడం కుదరదు. అందుకే స్కీ సంచీని 23 కిలోలకు బాగా లోపలే ఉంచడం ఆ పనివారి పట్ల మనం చూపగలిగే మర్యాద.

మోసిన ప్రతి కిలోకూ ఇంధనం ఖర్చవుతుంది. అదనపు బరువును గంటసేపు గాల్లో నిలబెట్టడానికి ఆ బరువులో సుమారు నూటికి మూడు, నాలుగు వంతుల ఇంధనం కావాలి. 15 కిలోల సంచీకి రెండు గంటల ప్రయాణంలో సుమారు ఒక కిలో. పది గంటల ప్రయాణంలో సుమారు 5 కిలోలు. ఒక కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మంచును కరిగిస్తున్నది ఆ వాయువే కాబట్టి, మంచును ప్రేమించేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

మామిడికాయలూ వరిగడ్డీ

తోటల్లో మామిడికాయలు బుట్టకెత్తేవారు అడుగున వరిగడ్డి పరిచి, వరసకూ వరసకూ మధ్య మళ్లీ గడ్డి వేస్తారు. క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాడు బంతితో పాటు చేతులు వెనక్కి లాక్కుంటాడు. రెండింటి వెనకా ఒకటే సూత్రం: కదిలే వస్తువు ఆగడానికి దూరం ఎంత ఎక్కువ దొరికితే దెబ్బ అంత తక్కువ.

మీ సంచీ మీటరు ఎత్తు నుంచి సిమెంటు నేల మీద పడిందనుకుందాం. లోపల మెత్త లేకపోతే స్కీ కొన రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతుంది. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించండి: 500. అంటే తన బరువుకు 500 రెట్ల దెబ్బ. కొనకు నాలుగు సెంటీమీటర్లు నలిగే ఉన్ని బట్ట చుట్టి ఉంటే ఆ అంకె 25కు పడిపోతుంది. ఎత్తు అదే, నేల అదే. దెబ్బ మాత్రం ఇరవయ్యో వంతుకు తగ్గింది.

పొడవాటి వస్తువుకు ఇంకో ప్రమాదం ఉంది. అది సమంగా పడదు. ముందు ఒక కొన తగులుతుంది. ఆ తాకిడితో వస్తువు తిరిగి, రెండో కొన ఇంకా వేగంగా వచ్చి నేలను కొడుతుంది. చేతిలోంచి జారిన నిచ్చెన రెండో చప్పుడు ఎప్పుడూ పెద్దగా ఉండేది అందుకే. కాబట్టి మెత్తటి బట్టలు సంచీ అంతా సమంగా పరచడం కన్నా, ముందు రెండు కొనలకూ చుట్టి, ఆ తరువాత బైండింగుల మీద వేయడం మంచిది.

స్కీ వంగడానికే పుట్టింది. మీద ఇంకో సంచీ పడితే వంగి మళ్లీ లేస్తుంది. బయటికి పొడుచుకొచ్చిన బైండింగు భాగాలకు ఆ గుణం లేదు. రెండు స్కీల అడుగులూ ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, మధ్యలో రబ్బరు ముక్క ఉంచి, రెండుచోట్ల పట్టీతో బిగించండి. లేదంటే ప్రయాణమంతా ఒక ఉక్కు అంచు ఇంకోదాని అడుగును గీస్తూనే ఉంటుంది. అడుగుకు మైనం దట్టంగా పూసి, గీకకుండా అలాగే వదిలేస్తే అదీ ఒక కవచమే. అక్కడికి చేరాక గీకేస్తే సరి.

ఒక జాగ్రత్త: కొన్ని విమాన సంస్థలు స్కీ సంచీలో స్కీ సామగ్రి తప్ప వేరే బట్టలు ఒప్పుకోవు. చుట్టేముందు మీ సంస్థ నియమం చూసుకోండి.

బాక్స్: సంచీ దెబ్బతింటే, రాకపోతే

• సంచీ ఇచ్చే ముందు స్కీలకూ బైండింగులకూ ఫొటోలు తీయండి.
• అందుకున్న వెంటనే విమానాశ్రయంలోనే విప్పి చూసుకోండి. ఏమైనా తేడా ఉంటే బయటికి వెళ్లకముందే రాతపూర్వకంగా చెప్పండి.
• అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారతదేశం కూడా అందులో సభ్యదేశమే. సామాను దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లో ఫిర్యాదు రాతలో ఇవ్వాలి.
• కౌంటర్లో ఇచ్చే ట్యాగు చీటీ పారేయకండి. దాని మీది పది అంకెల సంఖ్యే మీ సంచీ ఆచూకీ.

విమానం కడుపులో గాలి

బయట 11 కిలోమీటర్ల ఎత్తున చలి సున్నాకు 55 డిగ్రీల కింద ఉంటుంది. సామాను అరలోనూ అంతే చలి అని చాలామంది అనుకుంటారు. నిజానికి విమానం మొండెం అంతా ఒకే గాలిబుడగ లాంటిది. మీరు కూర్చున్న చోటా, మీ కాళ్ల కింది అరలోనూ గాలి పీడనం ఒకటే. అర చల్లగా ఉంటుంది కానీ సాధారణంగా బయటి చలి లోపలికి రాదు. స్కీకి ఆ చలి లెక్కలోది కాదు.

మార్పు చూపించేది పీడనం. విమానం లోపలి గాలి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల కొండ మీది గాలిలా ఉంటుంది. 2,400 మీటర్ల దగ్గర పీడనం సముద్ర తీరంలో ఉండేదానిలో ముప్పావు వంతే. అందుకే మూత బిగించిన సీసాలో చిక్కుకున్న గాలి మూడో వంతు వరకు ఉబ్బాలని చూస్తుంది. విమానంలో చిప్స్ ప్యాకెట్ బూరెలా ఉబ్బేది ఇందుకే. సన్‌స్క్రీన్ లోషను నిండుగా ఉన్న ట్యూబు కారకపోవచ్చు, సగం ఖాళీ అయిన ట్యూబు కారుతుంది. మూత పెట్టే ముందు ట్యూబును నొక్కి గాలి తీసేయండి.

స్కీ కళ్లద్దాలకూ ఇదే పరీక్ష. మంచి కళ్లద్దాల్లో ఆవిరి పట్టకుండా రెండు అద్దాలు, వాటి మధ్య బంధించిన గాలి ఉంటాయి. పీడనం తగ్గితే ఆ గాలి ఉబ్బి అద్దాలను బయటికి తోస్తుంది. అందుకే కొన్ని తయారీ సంస్థలు గాలిని మాత్రమే వదిలే సన్నటి వడపోత రంధ్రం పెడతాయి. కళ్లద్దాలను చేతి సామానులో పెడితే నలిగిపోకుండా ఉంటాయి గానీ పీడనం నుంచి తప్పించుకోలేవు. ఎందుకంటే పైనా కిందా గాలి ఒకటే. ఇంకో సంగతి: కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 2,926 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో కన్నా ఆ ఊరి వీధిలోనే గాలి పల్చన. మీ కళ్లద్దాలకూ, మీ ఊపిరితిత్తులకూ అసలు పరీక్ష విమానం దిగాక మొదలవుతుంది. మొదటి రోజు నెమ్మదిగా నడిచి, నీళ్లు బాగా తాగి, రెండో రోజు కొండెక్కడం మంచిది.

నిప్పు భయం: బ్యాటరీ, సిలిండరు

వేడి చేతితొడుగులు, వేడి మేజోళ్లు, కెమెరా, పవర్ బ్యాంకు: ఈ కాలపు స్కీ సంచీలో లిథియం బ్యాటరీలు ఎన్నో. ఇవి చెడితే ఎలా చెడతాయో చూద్దాం.

బ్యాటరీలో రెండు ధ్రువాల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దెబ్బ తగిలో, తయారీ లోపం వల్లో ఆ పొర చిరిగితే రెండు ధ్రువాలూ కలిసి వేడి పుడుతుంది. వేడికి మిగతా పొరా కరుగుతుంది. కరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. ఒక దశ దాటాక ధ్రువంలోని పదార్థమే ఆక్సిజన్ వదలడం మొదలుపెడుతుంది. బయటి గాలి అక్కర్లేకుండానే మంట తనను తాను పోషించుకుంటుంది. పక్క బ్యాటరీ వేడెక్కి అదీ అంటుకుంటుంది.

సామాను అరలో మంట పుడితే ఆర్పడానికి హాలాన్ అనే వాయువు వదులుతారు. అది మంటను అణచగలదు, బ్యాటరీ లోపల పుడుతున్న వేడిని మాత్రం చల్లార్చలేదు. ఆ పని నీళ్లది, ఆ నీళ్లు పోయడానికి మనిషి కావాలి. అందుకే విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు ప్రయాణికుల గదిలోనే ఉండాలన్నారు. అక్కడ పొగ వస్తే ఎవరో ఒకరు చూస్తారు, సిబ్బంది నీళ్లు పోస్తారు. 100 వాట్ అవర్ల వరకు అనుమతి అక్కర్లేదు. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు సుమారు 37 వాట్ అవర్లే.

రెండోది గ్యాస్ సిలిండరు. హిమపాతం ముప్పున్న చోటికి వెళ్లేవారి వీపు సంచీలో గాలిబుడగ ఉంటుంది. తాడు లాగితే సుమారు 150 లీటర్ల బుడగ కొన్ని సెకన్లలో ఉబ్బుతుంది. చేటలో గింజలు కుదిపితే పెద్దవి పైకి తేలతాయి కదా. కదిలే మంచులోనూ పెద్ద వస్తువు పైకే వస్తుంది. బుడగ మనిషిని ఆ పెద్ద వస్తువుగా మారుస్తుంది. అలా ఎంతోమంది ప్రాణాలు నిలిచాయి.

బుడగను అంత వేగంగా నింపాలంటే సిలిండరులో గాలి వాతావరణ పీడనానికి వంద రెట్లు మించి కుక్కి ఉండాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం విమాన సంస్థ ముందస్తు అనుమతితో, మనిషికి ఒకటి చొప్పున, పొరపాటున తెరుచుకోకుండా సర్ది తీసుకెళ్లవచ్చు. అమెరికాలో మాత్రం కవాటం పూర్తిగా విప్పేసి, లోపల ఖాళీ అని కంటికి కనిపించాలి. మూసి ఉన్న సిలిండరు లోపల ఏముందో స్కానింగ్ యంత్రం చెప్పలేదు, చూసే మనిషీ చెప్పలేడు. తెరిచిన నోరు ఒక్కటే నమ్మదగిన సాక్ష్యం. కాబట్టి కొలరాడోకు వెళ్లేవారు ఖాళీ సిలిండరు తీసుకెళ్లి అక్కడ నింపించుకోవాలి. ఎక్కడ నింపుతారో బయల్దేరక ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మైనం తుడిచే ద్రావకాలు, స్టవ్ గ్యాస్ డబ్బాలు మాత్రం చేతి సామానులోనూ కుదరవు, కింది అరలోనూ కుదరవు. మైనం కడ్డీలకు, మైనం పూసే ఇస్త్రీపెట్టెకు అభ్యంతరం లేదు.

పల్చని గాలి, చిన్న విమానం

కొందరికి డెన్వర్‌లో దిగి కారులో వెళ్లడం ఇష్టం ఉండదు. నేరుగా ఆస్పెన్‌కు చిన్న విమానం ఎక్కుతారు. అప్పుడు ఒక వింత జరగవచ్చు: ప్రయాణికులు చేరతారు, స్కీలు తరువాతి విమానంలో వస్తాయి.

విమానం రెక్క గాలిని కిందికి తోసి తాను పైకి లేస్తుంది. ఆస్పెన్ విమానాశ్రయం దాదాపు 2,380 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి సముద్ర తీరంలో కన్నా ఐదో వంతు పల్చన. తోయడానికి గాలి తక్కువైతే రెక్కకు బలం తక్కువ. ఇంజను పీల్చే గాలీ తక్కువే, దాని తోపూ తగ్గుతుంది. లేవాలన్నా, దిగాలన్నా ఇంకా వేగంగా పరుగెత్తాలి, అంటే ఇంకా పొడవాటి రన్‌వే కావాలి. డెన్వర్‌కు ఆ సౌకర్యం ఉంది. దాని పొడవైన రన్‌వే 4,877 మీటర్లు, ఉత్తర అమెరికా పౌర విమానాశ్రయాల్లో అదే అతి పొడవైనది. ఆస్పెన్‌కు ఉన్నది దానిలో సగం, చుట్టూ కొండలు. రన్‌వేను పొడిగించలేనప్పుడు మిగిలిన దారి ఒక్కటే, బరువు తగ్గించడం. మనుషులనూ ఇంధనాన్నీ తగ్గించడం కష్టం కాబట్టి కొన్ని రోజుల్లో సంచులు ఆగిపోతాయి.

హిమాలయాల్లోనూ ఈ లెక్కే. హైదరాబాద్ నుంచి గుల్మర్గ్ వెళ్లేవారు దిగే శ్రీనగర్ విమానాశ్రయం డెన్వర్‌లాగే సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉంది. అంతకు దాదాపు రెట్టింపు ఎత్తున, 3,256 మీటర్ల దగ్గర ఉన్న లేహ్‌లో బరువు లెక్క ఇంకా కఠినం. చిన్న విమానంలో కొండ ఊరికి వెళ్తుంటే, మొదటి రోజుకు కావాల్సిన బట్టలు, మందులు, బూట్లు చేతి సామానులోనే ఉండాలి.

బూటు కళ్లజోడు, స్కీ గొడుగు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇన్ని చిక్కులుంటే ఏది మోసుకెళ్లాలి?

మనం గొడుగు ఎవరిదైనా అడిగి తీసుకుంటాం. కళ్లజోడు మాత్రం అడగం. గొడుగు వానను బట్టి, కళ్లజోడు కంటిని బట్టి. స్కీ సామగ్రిలో బూటు కళ్లజోడు లాంటిది, స్కీ గొడుగు లాంటిది.

స్కీయింగ్‌లో బలం ఒక గొలుసులా ప్రయాణిస్తుంది. కాలు వాలితే బూటు వాలాలి, బూటు వాలితే బైండింగు, దాని వెంట స్కీ, చివరికి ఉక్కు అంచు మంచును కోయాలి. మడమ బూటులో వేలెడంత కదిలినా గొలుసు మొదటి లింకే వదులవుతుంది. మీరు తిప్పాలనుకున్న క్షణానికీ స్కీ తిరిగే క్షణానికీ మధ్య ఖాళీ వస్తుంది. మరీ బిగువైతే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారుతాయి. మంచి బూటు లోపలి మెత్తను వేడి చేసి మీ పాదం అచ్చుకు తగ్గట్టు మలుస్తారు. అద్దె దుకాణంలో అలాంటి జత దొరకదు.

స్కీ అలా కాదు. కొత్తగా కురిసిన లోతైన మంచుకు వెడల్పాటిది కావాలి, గట్టిపడిన మంచుకు సన్నటిది. ఏ రోజు ఏ మంచు ఉంటుందో ఇంటి దగ్గర తెలియదు, కొండ దగ్గర తెలుస్తుంది. దుకాణం వారు మీ బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి బైండింగు స్ప్రింగును సరిచేస్తారు. మీ బూటు అడుగు రకం వారి బైండింగుకు సరిపోతుందో లేదో అడిగి తెలుసుకుంటే చాలు.

బూట్లను చేతి సామానులో పెట్టుకోవడానికి ఇంకో కారణం: వాటి ప్లాస్టిక్ చలికి బిరుసెక్కుతుంది. రాత్రంతా కారు డిక్కీలో ఉన్న బూటులోకి పొద్దున్నే పాదం దూర్చడం ఎంత కష్టమో ఒకసారి చేసినవారు మరచిపోరు. విమానం లోపలా, గది లోపలా వెచ్చగా ఉంచండి. స్కీ కర్రలు మాత్రం మొనదేలి ఉంటాయి కాబట్టి ప్రయాణికుల గదిలోకి రానివ్వరు.

బాక్స్: తిరుగు ప్రయాణంలో తుప్పు

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీటి బొట్లు పడతాయి కదా. చల్లటి స్కీ వెచ్చటి గదిలోకి వచ్చినా అంతే. ఇనుముకు నీరూ, గాలీ రెండూ దొరికితే తుప్పు మొదలవుతుంది. కొలరాడో రోడ్ల మీద మంచు కరగడానికి మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు. కారు పైకప్పు మీద స్కీలు కట్టుకొస్తే ఆ ఉప్పునీరు చింది అంచులకు అంటుతుంది. ఉప్పు తుప్పును ఇంకా తొందర పెడుతుంది.

• మంచినీటితో తుడిచి, పొడిబట్టతో ఆరబెట్టి, ఆ తరువాతే సంచీలో పెట్టండి.
• తడి చేతితొడుగులు, మేజోళ్లు స్కీ అంచులకు చుట్టకండి.
• ఇంటికి రాగానే సంచీ విప్పి, స్కీలు బయటికి తీసి గాలి తగలనివ్వండి.

తేల్చి చెప్పాలంటే

ఏడాదికి ఒక వారం మంచు కొండకు వెళ్లే కుటుంబం స్కీలు మోయక్కర్లేదు. మొదటిసారి వెళ్లేవారు ఏదీ కొనక్కర్లేదు. రెండోసారి, మూడోసారి వెళ్తున్నవారు డబ్బు పెట్టాలనుకుంటే ముందు బూట్లు కొనండి, పాదం కొలిచి సరిచేసే దుకాణంలో కొనండి. ఏటా ఎన్నో రోజులు కొండ మీద గడిపేవారికి, తమ స్కీ గుణం కాళ్లకు బాగా తెలిసినవారికి, సొంత స్కీలు మోసిన బరువుకు ఫలితం ఉంటుంది. వారు నేరుగా వెళ్లే విమానం చూసుకుని, కొనలకు మెత్త చుట్టి, బ్యాటరీలు తీసి, సిలిండరు ఖాళీ చేసి బయల్దేరాలి.

మీ పాదానికి తగ్గది మీ చేతిలో ఉండాలి. మంచుకు తగ్గది కొండ దగ్గర దొరుకుతుంది.